బల్ల కింద నాలుగు చక్రాలు

ఫిబ్రవరి 6

పెంకీ,

బాగున్నావా అని అడగను. బాగానే ఉన్నావని నీ పేరు చూస్తే తెలిసింది. ఎక్కడ చూశానో చివర్లో చెబుతాను.

ఫోను చేయలేదేమని అనుకోకు. నలభై ఏళ్లు గ్రైండర్ల మధ్య ఉన్న చెవులు నావి. ఫోనులో నువ్వు మాట్లాడితే ఈగ ముసిరినట్టు ఉంటుంది. పైగా ఇది కాగితం మీద అడగాల్సిన సంగతి.

సోమవారం మన కంటైనర్‌ను మీ దేశపు రేవులో ఆపేశారు. అందులో ఉన్నవన్నీ ఆసుపత్రి స్ట్రెచర్ల చక్రాలే. మర్నాడు ఒక లావుపాటి కవరు వచ్చింది. మీ దేశంలో ఆసుపత్రి మంచాలు చేసే పెద్ద కంపెనీ ఒకటి దిగుమతుల ట్రిబ్యునల్లో మన మీద, ఇంకో పదిమంది మీద కేసు వేసిందట. మన చక్రం తాళం వాళ్లదట. మనం కొట్టేశామట. తీర్పు వచ్చేదాకా సరుకు కదలకూడదట. తీర్పు వాళ్ల వైపు వస్తే ఇక ఎప్పటికీ కదలదు.

చక్రం తాళం అంటే నీకు వేరే చెప్పక్కర్లేదు గానీ, నువ్విప్పుడు లాయరువి కాబట్టి వివరంగానే రాస్తాను. స్ట్రెచర్ చక్రం మీద తొక్కుడు మీట ఉంటుంది. కాలితో నొక్కితే లోపల మేకు ఒక గాడిలో పడి చక్రం ఆగుతుంది. గాడి నిటారుగా ఉంటే కుదుపు తగిలినప్పుడు మేకు పైకి లేస్తుంది. గాడిని ఏటవాలుగా కోస్తే బరువు పడేకొద్దీ మేకు బిగుస్తుంది. అంతే కిటుకు. రెండు చేతుల్లో సామాను పట్టుకున్న ఒక ఆయా, వంగి తాళం వేయలేక, రోగితో సహా స్ట్రెచర్‌ను వరండా చివరిదాకా వదిలేసింది. ఆవిడ మన షాపుకొచ్చి నన్ను తిట్టింది. ఆ తిట్లు తిన్నాక తొక్కుడు మీట పెట్టి కోశాను ఆ గాడి, నా చేత్తో. నువ్వు కాలేజీకి వెళ్లిన ఏడాది. ఈ కంపెనీ పేటెంటు చూస్తే పన్నెండేళ్ల కిందటిది.

మన చక్రాల్లో ముప్పాతిక వంతు ఆ రేవు మీదుగానే పోతాయి. అది మూసుకుంటే షాపు మూసుకున్నట్టే. ఇక్కడ నాతో కలిపి పద్నాలుగు మందిమి. పోత మేస్త్రికి అరవై రెండు. ఇనుము కరిగించడం తప్ప ఇంకో పని తెలియదు. ఇప్పుడు ఆయన్ని ఎవరు పెట్టుకుంటారు?

ఇక చివరి మాట. పేటెంటు మొదటి పేజీలో, అడుగున, రాసిన లాయరు పేరు ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. నీ పేరే.

అక్క పోయాక నిన్ను పెంచింది నా చక్రాలు నా మీదికే తోలుతావని కాదు. ఏమంటావో రాయి.

నీ పిన్ని


ఫిబ్రవరి 15

పిన్నీ,

నీ ఉత్తరం అందింది. అవును, ఆ పేటెంటు రాసింది నేనే. పన్నెండేళ్ల కిందట, ఈ ఆఫీసులో జూనియర్‌గా ఉన్నప్పుడు. కంపెనీ ఇంజినీరు బొమ్మలు ఇచ్చాడు, నేను మాటల్లో పెట్టాను. కేసు వేసింది కూడా మా ఆఫీసే. నేను కాదు. ప్రతివాదుల జాబితా బల్ల మీదికి వచ్చిన రోజు తొమ్మిదో పేరు నీ షాపు. ఆ గంటలోనే "ఈమె నా పిన్ని" అని రాసిచ్చాను. అప్పటి నుంచి ఆ కేసు ఫైళ్లున్న గదికి నా తాళంచెవి పనిచేయదు. ఈ కేసు గురించి నేను వాళ్లతో మాట్లాడకూడదు, నీతోనూ మాట్లాడకూడదు. నీకు రాసే ప్రతి ఉత్తరం కాపీ ఆఫీసులో ఒకాయన చదువుతాడు. నువ్వు రాసేవీ ఆయనకి చూపించాలి. ఇది రూలు.

కాబట్టి ఏ పుస్తకంలోనైనా దొరికే మాటలు మాత్రం చెబుతాను.

ఒకటి, వెంటనే ఇక్కడి లాయరును పెట్టుకో. జవాబుకి గడువు ఇరవై రోజులు. పేటెంటు దరఖాస్తు వేసిన రోజుకు ముందే ఆ వస్తువు ప్రపంచంలో ఎక్కడైనా నలుగురికీ తెలిసేలా వాడుకలో ఉంటే పేటెంటు నిలవదు. అయితే నోటిమాట చాలదు. వస్తువు కావాలి, తేదీ కావాలి.

రెండు, నోటీసు అందిన క్షణం నుంచి షాపులో ఉన్న పాత చక్రాలు, అచ్చులు, కాగితాలు దేన్నీ పారేయకూడదు, మార్చకూడదు. ఎక్కడివక్కడే ఉండాలి. ఇది చట్టం.

ఆరోగ్యం చూసుకో. చెవులకి దూది కాదు, ఇయర్ మఫ్‌లు పెట్టుకో.

నీ కూతురు


ఫిబ్రవరి 26

పెంకీ,

ముందుగా కాపీ చదివే పెద్దమనిషికి నమస్కారం. అయ్యా, మా పిన్నీ కూతుళ్ల ఉత్తరాలు చదవడానికి మీకు జీతమిస్తున్నారంటే మీ ఉద్యోగం మంచిది. ఇక్కడి నుంచి నా చేతిరాత కాస్త పెద్దది చేస్తాను, మీ కళ్లు పాడవకుండా.

ఇక నీ సంగతి. జాబితాలో నా పేరు నీకు ముందే తెలుసన్నమాట. నాకు కవరు రాకముందే. ఒక్క మాట అనలేదు. రూలు అన్నావు. సరే. నాకూ రూళ్లున్నాయి.

పాత చక్రాలు ఎక్కడివక్కడే ఉంచమన్నావు. ఎందుకు? రేపు మీ వాళ్లు వచ్చి మూటగట్టుకుపోవడానికేనా? నేను ఇంకా అంత తేలిగ్గా మోసపోయేదాన్ని కాలేదు. మన షాపు పద్ధతి నీకు తెలుసు. అరిగిన చక్రం ఎవరు తెచ్చినా తీసుకుంటాం, కొత్తది సగం ధరకిస్తాం, పాతదాన్ని కరిగించేస్తాం. మన గుర్తు ఉన్న చక్రం ఏ ఆసుపత్రి వరండాలోనూ కుంటకూడదని నా పంతం. ఇరవై ఐదేళ్లుగా అదే చేస్తున్నాం. చుట్టుపక్కల ఆసుపత్రుల నుంచి వచ్చిన మొదటి కాలం చక్రాలు రెండు గోనెసంచులు మిగిలాయి, మూలన పడున్నాయి. నీ ఉత్తరం వచ్చిన పూటే పోత మేస్త్రిని పిలిచాను.

"ఇవి కూడా కొలిమిలో వెయ్యి" అన్నాను.

"అమ్మాయి ఉంచమంది కదమ్మా" అన్నాడు.

"అమ్మాయి ఎవరి జీతం తింటోంది?" అన్నాను.

ఆయన కొలిమి రాజేశాడు. రెండు సంచులూ వేశాడు. సాయంత్రానికి కొత్త చక్రాలయ్యాయి. ఇక రమ్మను మీ వాళ్లని. వేడివేడిగా పట్టుకుపోతారు.

లాయరుని పెట్టాను. సన్న కళ్లద్దాల పిల్ల, మీ ఊళ్లోనే ఆఫీసు. కంప్యూటర్ తెర మీద కనిపించి నెమ్మదిగా మాట్లాడుతుంది, నాకు అందనిది రాసి చూపిస్తుంది. నేను చెప్పిందంతా రాసుకుంది. నేను ఏమనుకుంటున్నానో అడగలేదు, ఏం జరిగిందో అడిగింది. అది నచ్చింది.

నీ పిన్ని


మార్చి 7

పిన్నీ,

ఎంత పని చేశావు.

ఆ రెండు సంచులే నీ సాక్ష్యం. నీ వైపు మాట్లాడగలిగినవి ఆ చక్రాలు మాత్రమే. నీ చేత్తో నువ్వే కరిగించేశావు. కాపీ చదివే ఆయన నీ ఉత్తరం ముగించి "పాపం" అన్నాడు. మీ ఎదుటి పక్షం మనిషి ఆయన. ఆయనకే జాలేసింది.

ఈ విషయం నీ లాయరమ్మకు ఇవాళే చెప్పు. దాచకు. నోటీసు వచ్చాక సాక్ష్యం నాశనం చేశావని వాళ్లు అనబోతున్నారు. ఏ రోజు, ఎన్ని, ఎవరి చేత, ఉన్నదున్నట్టు చెప్పు.

నేను ఎవరి జీతం తింటున్నానో నాకు తెలుసు. పదహారేళ్లుగా తింటున్నాను. చేసే పని మీద నాకు సిగ్గు లేదు. ఒకడు ఆలోచించి చేసినదాన్ని ఇంకొకడు ఊరికే ఎత్తుకుపోకుండా ఆపడం నా పని. మందుసీసా మూత చేసినవాణ్ణి గెలిపించాను. మోటారు పంపు కాపీ కొట్టిన మూడు కంపెనీలను ఇదే రేవులో ఆపించాను. అప్పుడు నువ్వే "శభాష్" అని రాశావు, ఆ ఉత్తరం నా దగ్గరుంది. ఇవాళ అదే చట్టం నీ గుమ్మంలోకి వచ్చేసరికి నేను ద్రోహినయ్యాను.

నీ కూతురు


మార్చి 20

ఉత్తరం రాసేవారికీ, కాపీ చదివేవారికీ,

మీ ఆఫీసు నుంచి రాజీ కాగితం వచ్చింది. అందుకు మీ ఇద్దరికీ థాంక్స్.

లాయరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివి చెప్పింది. కేసు వదిలేస్తారట. కంటైనర్ వదిలేస్తారట. నేను చక్రాలు చేసుకోవచ్చట, అమ్ముకోవచ్చట. బదులుగా ఒకే ఒక్క కాగితం మీద సంతకం పెట్టాలి. "ఈ ఏటవాలు గాడి మీ కంపెనీ కనిపెట్టినది, మేము మీ అనుమతితో వాడుకుంటున్నాము." అంతే. మిగతా పదిమందిలో ఏడుగురు పెట్టేశారట.

"వ్యాపారం లెక్కన చూస్తే మంచి రాజీ, పైగా సంచులు కరిగిపోయాయి" అంది లాయరమ్మ.

"నువ్వైతే పెడతావా?" అన్నాను.

"నేను కోయలేదు కదండీ ఆ గాడి" అంది.

షాపులో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. లేతు మిషను మీద పనిచేసే ఆవిడ "పెట్టెయ్యండమ్మా, సంతకమేగా, పిల్లలున్నారు" అంది. న్యాయమే. ఆవిడ మాట కొట్టిపారేయలేదు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పోత మేస్త్రి వచ్చి "మొదటిసారి ఆ అచ్చు తీసినప్పుడు నా బొటనవేలు కాలింది, మచ్చ ఇదిగో. ఇది కూడా వాళ్లదేనని రాసివ్వాలా?" అన్నాడు. లేతు ఆవిడ ఆ వేలు చూసి "అయితే వద్దులెండి" అని లేచిపోయింది.

పెట్టను. షాపు మూసినా సరే, పెట్టను. నేను చేసినదాన్ని నేను చేయలేదని రాయను. రాజీ కాగితం వెనకాల నీ చెయ్యి ఉందో లేదో నాకు తెలియదు. లేదని నువ్వు చెప్పినా నమ్మే స్థితిలో లేను. ఉందనుకునే రాస్తున్నాను.

ఇంకొక్క సంగతి. నువ్వు కాలేజీకి వెళ్లేటప్పుడు నేను చేయించిన చదువుకునే బల్ల. టేకు పలకలు మా అత్తగారి పాత తలుపువి, కాళ్లు మన షాపువి. పదకొండు అద్దె ఇళ్లు మారినా దాన్ని వదలలేదని, విమానంలో వద్దంటే ఓడలో తెప్పించుకున్నావని గొప్పగా అందరికీ చెప్పుకున్నాను. దాన్ని నాకు తిప్పి పంపించు. దాని మీద కూర్చుని నా మీద రాసింది చాలు.

ఇట్లు,
ప్రతివాది నంబరు తొమ్మిది


ఏప్రిల్ 2

పిన్నీ,

రాజీ కాగితం గురించి నాకు తెలియదు. నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. నమ్మాలా వద్దా అన్నది నీ ఇష్టం.

బల్ల పంపించేశాను. నిన్న ఓడ ఎక్కింది. రసీదు ఇందులో పెట్టాను. ఎలా జరిగిందో వరసగా చెబుతాను. ఎందుకంటే రేపు ఎవరైనా అడిగితే నువ్వూ నేనూ ఒకే మాట చెప్పాలి, అది నిజం కావాలి.

నీ ఉత్తరం మార్చి 28న వచ్చింది. ఆ రోజు శనివారం. పొద్దున పదింటికి బల్ల మీది పుస్తకాలు తీసి, కాళ్లు విప్పడానికి దాన్ని బోర్లించాను. ఇరవై ఐదేళ్లలో నేను దాన్ని బోర్లించడం అదే మొదటిసారి. ఇళ్లు మారినప్పుడల్లా కూలీలే మోశారు. బోర్లించాక కాళ్లు విప్పలేదు. చాలాసేపు నేల మీదే కూర్చున్నాను. తర్వాత ఫొటోలు తీసి, తేదీ వేసి, సోమవారం పొద్దున్నే ఆఫీసు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చూసిందంతా ఆయనకి చెప్పాను. ముందు వాళ్లకి చెప్పడం నా బాధ్యత.

పెద్దాయన తలుపు వేశాడు.

"ఆ బల్ల మన గోదాములో పెట్టిద్దాం. భద్రంగా ఉంటుంది" అన్నాడు.

"అది మా పిన్నిది. తిప్పి పంపమంది" అన్నాను.

"పదహారేళ్లు నీకు ఇక్కడ పేరు తెచ్చుకోవడానికి పట్టాయి. పోవడానికి పదహారు నిమిషాలు చాలు. నువ్వు మన క్లయింటుకి వ్యతిరేకంగా నడుస్తున్నావు."

"నేను నడవడం లేదండీ. బల్ల నడుస్తోంది" అన్నాను. నీ నోరే వచ్చింది నాకు, ఏం చేయను.

పేటెంటు దరఖాస్తుతో పాటు రాసినవాళ్లు ఒక వాగ్దానం మీద సంతకం పెడతారు. "ఈ విషయంలో నాకు తెలిసినవన్నీ పేటెంటు ఆఫీసు ముందు పెట్టాను" అని. పన్నెండేళ్ల కిందట నేను పెట్టాను. ఆ రోజు అది నిజమనే పెట్టాను. క్లయింటు రహస్యాలు నేను చచ్చేదాకా దాస్తాను. కానీ పదిహేడేళ్లప్పుడు నా పిన్ని నాకిచ్చిన వస్తువు క్లయింటు రహస్యం కాదు. అది వాళ్లు చెప్పగా నాకు తెలిసింది కాదు. ఆ మాట ఆయనకి చెప్పి, రాజీనామా ఇచ్చి వచ్చాను. మధ్యాహ్నానికి నా పెట్టె గేటు దగ్గర పెట్టారు.

చూసిందేమిటో నీకు రాయొద్దన్నారు. రాయడం లేదు. ప్రమాణం చేయించి ఎవరైనా అడిగితే చెబుతాను. బల్లను తలకిందులుగానే ప్యాక్ చేయించాను. అలాగే విప్పు, నీ లాయరమ్మ పంపే మనిషి ఎదురుగా, ఫొటోలు తీయించి. ఈ చివరి వాక్యం కూడా రాయొద్దన్నారు. రాశాను.

కాపీ ఆయనకి ఇదే ఆఖరిది. పై దాకా చదివాక లేచి నిలబడి నాకు చెయ్యి కలిపాడు. "మీ పిన్నిగారికి నా కళ్లు బాగానే ఉన్నాయని చెప్పండి" అన్నాడు.

నీ కూతురు


మే 9

నా పెంకీ,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేవు. నీకు కాబట్టి పరవాలేదు.

బల్ల నిన్న వచ్చింది. లాయరమ్మ పంపిన మనిషి కెమెరాతో, నోటరీతో దిగాడు. షాపంతా చుట్టూ చేరింది. చెక్కలు విప్పగానే నాలుగు చక్రాలు పైకి చూస్తూ కనిపించాయి. చిన్నవి, అరచేతిలో పట్టేవి. నేను ఆ బల్లకి పెట్టమన్నది మామూలు రబ్బరు బుడిపెలు. చక్రాలు పెట్టించింది నేను కాదు.

పోత మేస్త్రి కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "నేనేనమ్మా" అన్నాడు. "స్ట్రెచర్ చక్రానికి అచ్చు తీసే ముందు చిన్న సైజులో నాలుగు పోసి చూశాం కదా. పనికొచ్చాయి. పారేయబుద్ధి కాలేదు. చదువుకోడానికి పోయే పిల్ల, గది ఊడ్చుకునేటప్పుడు బల్ల జరుపుకోవాలని బిగించేశాను. మీకు చెబితే వేస్టు అంటారని చెప్పలేదు."

ప్రతి పోతకీ లోపలి వైపు నెల, ఏడాది కొట్టడం మన పద్ధతి. నాలుగింటి మీదా ఉంది. ఏడో నెల, తొంభై తొమ్మిది. నీ పేటెంటుకి పన్నెండేళ్ల ముందు.

సంచులు కరిగించమని చెప్పింది నేనే. ఆయన నాకు చెప్పకుండా దాచింది మిగిలింది.

ఇంకా విను. లాయరమ్మ తెర మీద కనిపించి, నాకు వినపడదని పెద్ద అక్షరాలతో రాసి చూపించింది: "చక్రం ఉంది. అప్పట్లోనే నలుగురూ దాన్ని చూశారని రుజువు కావాలి." ఎవరు చూశారు, హాస్టల్ గదిలో బల్లని? అప్పుడు గుర్తొచ్చింది. నీ మార్కుల కాగితాలు పెట్టే బిస్కట్ల డబ్బా తీశాను. అడుగున ఉంది. మీ హాస్టల్ వార్డెను నాకు రాసిన ఉత్తరం, ముద్రతో, తేదీతో, తొంభై తొమ్మిది నవంబరు. కాపీ పంపాను గానీ నీ కోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"గార్డియన్ గారికి. మీ అమ్మాయి తన బల్లను వరండాలోకి తెచ్చి, దాని మీద ఇతర విద్యార్థినులను కూర్చోబెట్టి, పందేలు నిర్వహించుచున్నది. ప్రశ్నించగా, 'చక్రాలను కాలి మడమతో, చూడకుండానే నొక్కి ఆపవచ్చును, ఎంత బరువున్నా జారదు' అని నలభై మంది ఎదుట ప్రయోగము చేసి చూపినది. ప్రయోగము సఫలమైనప్పటికీ ఇది క్రమశిక్షణా రాహిత్యము."

ఆ చక్రాలు నువ్వే బజారులో కొని బిగించుకున్నావనుకుని, అప్పట్లో నిన్ను తిట్టకుండా దీన్ని దాచుకున్నాను. ప్రయోగం సఫలమైందని రాసింది కదా, అందుకు.

నీ మీద అన్న మాటలన్నీ నావే. వెనక్కి తీసుకుంటున్నానని రాయడం సులువు. వచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని నువ్వు కూడా నన్ను నాలుగు అను. బాకీ ఉంచుకోకు.

ఉద్యోగం పోయిందన్నావు. తింటున్నావా?

నీ పిన్ని


జూన్ 30

పిన్నీ,

తింటున్నాను. విచారణ అయిపోయింది. తీర్పు రెండు నెలలు పడుతుంది. నీ లాయరమ్మ నన్ను సాక్షిగా పిలిచింది. నువ్వు వాంగ్మూలం అక్కడే ఇచ్చేశావు కాబట్టి, ఇక్కడేం జరిగిందో రాస్తాను.

నీ లాయరమ్మ తిరిగి తెప్పించిన బల్లను కోర్టు హాలు మధ్యలో పెట్టారు. ఒక చక్రాన్ని నిపుణుడు రెండుగా కోసి చూపించాడు. ఏటవాలు గాడి, పదకొండు డిగ్రీలు. పేటెంటులో నేను రాసింది "పది నుంచి పదిహేను". వార్డెను ఉత్తరం అనువాదం చదువుతుంటే వెనక వరసలో నవ్వారు. న్యాయమూర్తి నవ్వలేదు గానీ "ప్రయోగము సఫలమైనప్పటికీ" అన్న దగ్గర మళ్లీ చదవమంది.

కంపెనీ తరఫున నన్ను ప్రశ్నించింది మా పాత ఆఫీసు మనిషే. పదహారేళ్లు నా ఎదురుగా కూర్చుని భోజనం చేసినవాడు.

"ఈ పేటెంటు మీరే రాశారు. అవునా?"

"అవును."

"ఎక్కడ కూర్చుని?"

"ఆదివారాలు ఇంటి దగ్గర. ఆ బల్ల మీద."

హాల్లో గుసగుసలు. అతను చేతిలోని కాగితాలు తిరగేశాడు. ఈ జవాబు ఊహించలేదు.

"అంటే ఈ చక్రాల గురించి తెలిసే దాచారు. లేదా ఇప్పుడు మీ పిన్ని కోసం అబద్ధమాడుతున్నారు. ఏది?"

"రెండూ కాదు. నేను ఆ తాళాన్ని రోజూ కాలితో నొక్కాను. లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. పేటెంటు మూడో పేజీలో 'కాలి మడమతో, చూడకుండానే' అని ఉంది. ఇంజినీరు ఇచ్చిన బొమ్మల్లో ఆ మాట లేదు. అది నేను రాసింది. ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు."

"మీ లైసెన్సు పోవచ్చని తెలుసా?"

"తెలుసు. అందుకే అబద్ధమాడటం లేదని మీరు కూడా నమ్మొచ్చు."

అతను కూర్చున్నాడు. అప్పుడు న్యాయమూర్తి లేచి కిందికి దిగింది. రిటైర్మెంటుకి దగ్గర పడిన మనిషి, మడమ లేని నల్ల బూట్లు. అందరి వైపు చూస్తూనే పాదం చాచి, మిగిలిన మూడు చక్రాల మీటలూ ఒక్కొక్కటిగా నొక్కింది. రెండు చేతులతో బల్లను తోసింది. కదల్లేదు. అంగుళం కూడా కదల్లేదు. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

సంచులు కరిగించిన సంగతి కూడా వచ్చింది. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పడం మంచిదైంది. "తన మీద తానే ఇంత పట్టుదలగా సాక్ష్యం నాశనం చేసుకున్న ప్రతివాదిని నేను ఇంతవరకూ చూడలేదు" అంది న్యాయమూర్తి. రికార్డులో ఉంది ఆ మాట.

నా మీద బార్ కౌన్సిల్ వాళ్లు విడిగా విచారణ మొదలుపెట్టారు. మొదలుపెట్టాలి కూడా. నేను వాళ్ల చోట ఉన్నా మొదలుపెడతాను. పాత క్లయింట్లు ఇద్దరు ఫోను ఎత్తడం లేదు. ఒకరు మాత్రం, ఆ మందుసీసా మూతాయన, తనే ఫోను చేసి "మీరు మీ మీదే ఇలా నిజం చెబితే నా కేసులో ఎలా చెబుతారో ఊహించగలను" అని కొత్త పని ఇచ్చాడు.

దేనికీ విచారపడటం లేదు. ఇది నీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్నది కాదు.

నీ కూతురు


సెప్టెంబరు 12

పెంకీ,

తీర్పు నీకు ముందే తెలిసి ఉంటుంది. అయినా నా చేత్తో రాసుకోవాలి. పేటెంటులో ఏటవాలు గాడికి సంబంధించినవన్నీ చెల్లవు. కంటైనర్ వదిలారు. సంతకం పెట్టేసిన ఏడుగురిలో ముగ్గురు నాకు ఫోను చేశారు, పాపం, నాకు వినపడదని తెలియక. లేతు ఆవిడ వాళ్లతో మాట్లాడింది. ఏం చెప్పిందో గానీ చాలాసేపు గట్టిగా చెప్పింది.

నీ బార్ వాళ్ల కాగితం కూడా చదివాను. లైసెన్సు ఉంది. "ఉద్దేశపూర్వకంగా దాచలేదు, కానీ తగినంత జాగ్రత్త చూపలేదు" అని మందలింపు, నీ రికార్డులో ఎప్పటికీ ఉంటుందట. దాని అసలు కాగితం నాకు పంపు. వార్డెను ఉత్తరం పక్కన, అదే డబ్బాలో పెడతాను. రెండూ ఒకలాంటివే.

బల్ల కోర్టు నుంచి తిరిగొచ్చింది. మూడు చక్రాలు, నాలుగో దాని చోట చెక్కముక్క. పోత మేస్త్రి కొత్తది పోస్తానన్నాడు. వద్దన్నాను. కోసిన చక్రం రెండు ముక్కల్నీ ఏం చేయాలని అడిగాడు. కొలిమి వైపు చూశాడు, నా వైపు చూశాడు. కిటికీలో పెట్టించాను. ఇరవై ఐదేళ్లలో మన షాపులో కరగకుండా మిగిలిన మొదటి పాత చక్రం అదే.

ఇక అసలు సంగతి. నా దగ్గర ఇంకో కొత్త చక్రం ఉంది. నాలుగు నెలలుగా చేస్తున్నాను, మేస్త్రికి తప్ప ఎవరికీ చూపించలేదు. దరఖాస్తు పడకముందు ఎక్కడా రాయకూడదని నీ వృత్తి వాళ్లే అంటారు కాబట్టి ఇందులో రాయను. ఈసారి పేటెంటు మొదటి పేజీలో కనిపెట్టినవాళ్ల చోట నా పేరు, మేస్త్రి పేరు ఉండాలి. అడుగున రాసినవాళ్ల చోట నీ పేరు. మళ్లీ కళ్లద్దాలు తుడుచుకుని చదువుతాను.

ఎప్పుడొస్తావు?

నీ పిన్ని


సెప్టెంబరు 24

పిన్నీ,

వచ్చే నెల మూడున వస్తున్నాను. ఈ ఉత్తరం కాపీ ఎవరికీ వెళ్లదు.

మందలింపు కాగితం నేనే తెస్తాను. ఫీజు సంగతి ఎత్తితే వెనక్కి వచ్చేస్తాను. రాసే పని ఆ బల్ల మీదే. చెక్కముక్క అలాగే ఉండనీ.

నేను గుమ్మంలోకి రాగానే చక్రం గురించి మొదలుపెట్టకు. ముందు నన్ను బల్ల కింద దూరి చూడనివ్వు. ఆ తర్వాత కుర్చీల కింద, అలమరా కింద, మేస్త్రి జేబుల్లో కూడా చూస్తాను. ఇంకో పాత చక్రం ఏదీ లేదని తేలాకే నువ్వు నోరు విప్పు.

నీ పెంకి